నష్టం అవిశ్వాసానికి గుర్తు కాదు

సంపాదకులకు,

గత సంచికలో విశ్వాసం గురించి వచ్చిన వ్యాసం, జబ్బూ నష్టమూ వచ్చిన ఇంట్లో అవిశ్వాసం ఉన్నట్టేనని తేల్చేసింది. ఇది అన్యాయం. బంటుమిల్లి చుట్టుపక్కల తెల్లమచ్చ తెగులు సోకి చెరువులో రొయ్య చచ్చిపోతే రైతు అప్పుల్లో కుంగిపోతాడు. ప్రార్థన తక్కువైందన్న నింద కూడా అతని నెత్తిన వేయాలా?

వ్యాసకర్త బందరు చరిత్ర ఒక్కసారి చూడాల్సింది. ఇంగ్లండు మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో అక్కడికి వచ్చారు. ఫాక్స్ భార్య 1845లో కన్నుమూసింది. 1848లో ఆయనా పోయాడు. నోబుల్ 1843లో బడి పెట్టాడు. 1852లో విద్యార్థులు బాప్తిస్మం తీసుకోవడంతో తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు, బడి దాదాపు ఖాళీ అయింది. మళ్లీ నిలబెట్టాడు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది నోబుల్ ఆ ఊళ్లోనే చనిపోయాడు; వచ్చాక ఒక్కసారైనా స్వదేశం వెళ్లలేదు. ఏ లెక్కన ఈయన అవిశ్వాసి?

నిజంగా సందేహించినవాడి మీదైనా నింద వేయనక్కర్లేదు: శిష్యుడు తోమా, తిరిగి లేచిన యేసు గాయాలు చూస్తే గాని నమ్మనన్నాడు. యేసు అతన్ని వెళ్లగొట్టలేదు, చెయ్యి చాపమన్నాడు.

యాకోబు పత్రిక తప్పుపట్టింది వేరేవాళ్లను: ఆకలితో ఉన్నవాడికి ఏమీ ఇవ్వకుండా మంచిమాట చెప్పి పంపేసేవాళ్లను. మన ఊళ్లలో ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తెచ్చే ఆడవాళ్లున్నారు. చేను మునిగిన ఏడాదీ తెచ్చారు. మళ్లీ ఈ విషయం రాసేముందు వ్యాసకర్త వాళ్లతో మాట్లాడాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, బంటుమిల్లి