మెడ ఒకవైపే పట్టేస్తోంది

ప్రశ్న: నా వయసు 34. ఇంట్లోనే ఒక కంప్యూటరుకి మూడు మానిటర్లు తగిలించి, రెండు బల్లల మీద పెట్టుకుని లెక్కలు రాస్తాను. ఎక్కువగా చూసే తెర కుడి బల్ల మీద ఉంది. రెండు నెలలుగా మెడ కుడివైపు పట్టేస్తోంది. ఈ పని మానెయ్యాలా?

– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పని మానక్కరలేదు, బల్లలు సర్దుకుంటే చాలు. రోజంతా మెడ ఒకే పక్కకి తిరిగి ఉంటే కండరాలు అలసి బిగుసుకుంటాయి. ఎక్కువగా చూసే తెరను, కీబోర్డును మీకు సరిగ్గా ఎదురుగా పెట్టుకోండి. తెర చెయ్యి చాచినంత దూరంలో, దాని పై అంచు కంటి మట్టానికి ఉండాలి. రెండో బల్లను ఎల్ అక్షరంలా దగ్గరకి జరపండి. అటు చూడవలసివస్తే మెడ తిప్పకండి, కుర్చీతో సహా తిరగండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. వేడినీళ్ళ కాపడం హాయినిస్తుంది. నొప్పి చేతిలోకి పాకినా, వేళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తప్పుతున్నా మాత్రం ఆలస్యం చెయ్యక డాక్టరుకి చూపించుకోండి.