ఊరి చెంతనే చరిత్ర.. బడికి మాత్రం దూరం

* బట్టీ చదువుతో నీరసిస్తున్న సాంఘిక శాస్త్రం
* ముడుమాల్ రాళ్లు, నేత మగ్గాలు, వలస బతుకులు పాఠాలు కావలసిన తరుణం
* ప్రాజెక్టు పనుల మార్కులను సద్వినియోగం చేస్తే ఖర్చు లేకుండానే సాధ్యం

నారాయణపేట: మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలేమిటని అడిగితే పదో తరగతి విద్యార్థి వేళ్లు మడుస్తూ వరుసగా అప్పజెబుతాడు. తన తాత ఏ కరవు కాలంలో ఊరు విడిచి వలస వెళ్లాడో, తన వీధిలోని మగ్గం ఎక్కడి నుంచి వచ్చిందో అడిగితే మాత్రం నీళ్లు నములుతాడు. తప్పు విద్యార్థిది కాదు. చరిత్ర అంటే ఎక్కడో, ఎప్పుడో, ఎవరో రాజులకు జరిగిన సంగతి అన్న భావన తరగతి గదిలోనే నాటుకుపోతోంది. నాలుగు వేల ఏళ్ల నాటి ఆనవాళ్లు ఉన్న జిల్లాలో ఈ పరిస్థితి నెలకొనడం ఆలోచించదగిన విషయం.

2019 ఫిబ్రవరి 17న మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడి నారాయణపేట జిల్లా ఏర్పడింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ప్రాంత అక్షరాస్యత దాదాపు 50 శాతమే. అంటే నేడు ఉన్నత పాఠశాలలకు వస్తున్న పిల్లల్లో చాలామంది తమ ఇంట తొలిసారి పుస్తకం పట్టిన తరానికి చెందినవారు. వారికి ఇంటివద్ద పాఠం చెప్పే వారు లేరు. అయితే ఇంటివద్ద చరిత్ర చెప్పగల వారు మాత్రం ఉన్నారు. ఈ తేడాను గుర్తించడంలోనే చరిత్ర బోధన భవిష్యత్తు ఆధారపడి ఉంది.

ముడుమాల్‌లో నిలిచిన సాక్ష్యం

కృష్ణా మండలం ముడుమాల్ గ్రామ శివారులో, కృష్ణా నది ఒడ్డున ఉన్న నిలువురాళ్లకు ప్రపంచ వారసత్వ కట్టడాల తాత్కాలిక జాబితాలో 2025 మార్చిలో చోటు దక్కింది. సుమారు 80 ఎకరాల విస్తీర్ణంలో 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న పెద్ద రాళ్లు దాదాపు 80, వరుసలుగా పేర్చిన చిన్న రాళ్లు సుమారు 3 వేలు ఉన్నాయి. ఇవి 3,500 నుంచి 4,000 ఏళ్ల నాటివని పరిశోధకులు నిర్ధారించారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి.రావు ఈ స్థలంపై ఏళ్ల తరబడి పరిశోధన సాగించారు. కొన్ని రాళ్ల వరుసలు ప్రత్యేక దినాలలో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిశలకు సరిగ్గా సరిపోతున్నాయి. ఒక రాతిపై చెక్కిన గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయి. స్థానికులు మాత్రం వీటిని నిలువురాళ్ల తిమ్మప్పగా కొలుస్తారు. ఒక రాతిని ఎల్లమ్మగా పూజిస్తారు.

ఒక్క ఈ స్థలంతోనే ఉపాధ్యాయుడు చరిత్ర రచనలోని అసలు కీలకాన్ని బోధించవచ్చు. రాయి నిలిచి ఉన్నదన్నది కంటికి కనిపించే విషయం. సూర్యుని గమనాన్ని గుర్తించేందుకు దానిని నిలిపారన్నది ఆధారాలతో పరిశోధకులు చేసిన నిర్ధారణ. అది తిమ్మప్ప స్వరూపమన్నది ప్రజల విశ్వాసం. ఈ మూడింటినీ విడదీసి చూడగలగడమే చరిత్ర చదువు. అలా చూడడం వచ్చిన విద్యార్థి ఏ విశ్వాసాన్నీ కించపరచడు. ఏ కథనూ గుడ్డిగా నమ్మడు.

అందరినీ ముడుమాల్ తీసుకెళ్లడం సాధ్యం కాదన్నది పాఠశాలల నుంచి వినవచ్చే తొలి మాట. బస్సు కిరాయి, అనుమతులు, ఆడపిల్లల భద్రత వంటి చిక్కులు లేకపోలేదు. అయితే పాఠం ప్రారంభించడానికి బస్సు అవసరం లేదు. పాఠశాల ఆవరణలో ఒక మీటరు కర్రను నిటారుగా పాతితే చాలు. పగలు, రాత్రి సమానంగా ఉండే సెప్టెంబరు 22-23 తేదీలలో మధ్యాహ్నం దాని నీడ ఉత్తరం వైపు సుమారు 30 సెంటీమీటర్లు పడుతుంది. డిసెంబరు 21-22 తేదీలలో అది 80 సెంటీమీటర్లు దాటుతుంది. బడులు తెరిచిన కొద్ది రోజులకే వచ్చే జూన్ 21న మధ్యాహ్నపు నీడ చిన్నదై దక్షిణం వైపు తిరుగుతుంది. సూర్యుడు ఉదయించే చోటు కూడా ఏడాది పొడవునా ఈశాన్యం నుంచి ఆగ్నేయానికి జరుగుతుంది. ఈ మార్పును స్వయంగా కొలిచిన విద్యార్థికి, లిపి తెలియని కాలంలో మనుషులు రాళ్లతో రుతువులను ఎందుకు లెక్కించుకున్నారో వేరుగా చెప్పనక్కరలేదు. విత్తనం ఎప్పుడు వేయాలి, నది ఎప్పుడు పొంగుతుందన్నవి వారికి బతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్నలు. ఈ పాఠంలో చరిత్ర, భూగోళం, గణితం ఒక్కచోట కలుస్తాయి.

చీర చెప్పే కథ.. లెక్క తప్పిన తేదీ

నారాయణపేట పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది చేనేత చీర. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చీర పుట్టుకపై ఒక కథ బహుళ ప్రచారంలో ఉంది. 1630 ప్రాంతంలో ఛత్రపతి శివాజీ దండయాత్రకు వెళ్తూ ఇక్కడ విడిది చేశారని, ఆయన వెంట వచ్చిన నేతగాళ్లు కొందరు ఇక్కడే స్థిరపడ్డారని ఆ కథ సారాంశం. పుస్తకాలలో, పత్రికలలో, ప్రచార పత్రాలలో ఇదే తేదీ పదే పదే దర్శనమిస్తోంది.

అయితే శివాజీ జననం 1630 ఫిబ్రవరి 19న అని మహారాష్ట్ర ప్రభుత్వం గుర్తించింది. 1627లో జన్మించారన్న వాదన కూడా ఉంది. ఏ లెక్కన చూసినా 1630 నాటికి ఆయన పొత్తిళ్లలో పసిబిడ్డ, కాకుంటే మూడేళ్ల బాలుడు. దండయాత్రకు నాయకత్వం వహించే ప్రసక్తే లేదు. శివాజీ దక్షిణ దండయాత్ర జరిగినది 1677లో. ఆ సంవత్సరం ఆయన గోల్కొండకు విచ్చేసి అబుల్ హసన్ కుతుబ్‌షాతో ఒప్పందం కుదుర్చుకున్న అనంతరం జింజి వైపు సాగారు.

ఈ రెండు తేదీలను నల్లబల్లపై పక్కపక్కన రాసి తొమ్మిదో తరగతి పిల్లల ముందు ఉంచితే వైరుధ్యాన్ని వారే పట్టుకుంటారు. అక్కడి నుంచి అసలు పాఠం మొదలవుతుంది. తేదీ తప్పయినంత మాత్రాన కథ మొత్తం అబద్ధమని తేల్చవచ్చా? 1677 అని దిద్దుకుంటే సరిపోతుందా, దానికీ ఆధారం కావాలా? పట్టణంలో మరాఠీ మాట్లాడే కుటుంబాలు ఎలా వచ్చాయి? గళ్ల చీర, ముదురు రంగు అంచు అల్లికలో మరాఠా, కన్నడ ప్రాంతాల పోలికలు ఎందుకు కనిపిస్తాయి? చీర కథను నేత కుటుంబాల వృద్ధులు ఏ విధంగా చెప్పుకుంటారు? ఈ ప్రశ్నలకు ఒక్క పీరియడ్‌లో జవాబు దొరకదు. దొరకనవసరం లేదు. ఒక వాక్యం అచ్చులో కనిపించినంత మాత్రాన నిజం కాదన్న ఎరుక కలిగితే, చరవాణిలో క్షణానికొక కట్టుకథ ప్రచారమవుతున్న ఈ రోజుల్లో అంతకు మించిన చదువు లేదు.

తాత మాటే ఆధారం

పాలమూరు కూలీ పేరు తెలియని ఆనకట్ట దేశంలో అరుదు. మేస్త్రీల వెంట ముల్లెమూట కట్టుకుని ముంబయి, పుణె మొదలు సుదూర ప్రాజెక్టుల వరకు వెళ్లిన కుటుంబాలు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నాయి. వారి శ్రమ నీటిపారుదల చరిత్రలో భాగం. కాని ఆ అనుభవం ఏ పాఠ్యపుస్తకంలోనూ తగినంతగా నమోదు కాలేదు. ఆ తరం వృద్ధాప్యంలో ఉంది. వారు గతించిన నాడు ఆ చరిత్ర కూడా వారి వెంటే పోతుంది.

వృద్ధులకు సంవత్సరాలు గుర్తుండవన్న అభ్యంతరం సహజం. దానికీ మార్గం ఉంది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నిర్మాణ కాలం, 1972 నాటి కరవు, 1975లో విధించిన ఎమర్జెన్సీ, 2009 అక్టోబరు నాటి కృష్ణా వరదలు వంటివి అందరికీ గుర్తుండే ఘట్టాలు. 'అది సాగర్ కట్టే నాడా, ఆ తర్వాతా? అప్పటికి నాన్న పుట్టాడా?' అని విద్యార్థి అడిగితే కాలం దానంతట అదే తేలుతుంది. అలా నలుగురు వృద్ధులు చెప్పిన మాటలను పోల్చి చూస్తే ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విభేదిస్తున్నాయో బయటపడుతుంది. చరిత్రకారుడు చేసే పనీ ఇదే.

సామాన్యుల బతుకే చరిత్ర అని చాటిన మహనీయుడు ఈ పాలమూరు గడ్డ బిడ్డే కావడం గమనార్హం. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలకు బదులు ప్రజల తిండి, బట్ట, ఆటపాటలు, ఆచారాలు చోటు చేసుకున్నాయి. ఆ గ్రంథానికే 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన కావ్యాలలో వెదికిన సమాచారాన్ని నేటి విద్యార్థి తన ఇంటి అరుగు మీదే సేకరించగలడు.

వివాదం ఉంటే పాఠం వదిలేయాలా?

స్థానిక చరిత్ర చెప్పడంలో ఉపాధ్యాయులను వెనక్కి లాగుతున్న మరో అంశం వివాదం. 1948 సెప్టెంబరు 17న హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో చేరిన ఘట్టమే ఇందుకు ఉదాహరణ. 2022లో కేంద్రం దానిని విమోచన దినంగా, నాటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా నిర్వహించాయి. 2024లో తర్వాతి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవంగా జరిపింది. ఏ పేరు పలికితే ఎవరికి కోపం వస్తుందోనన్న జంకుతో పాఠాన్ని ప్రశ్నలు, జవాబులకే పరిమితం చేయడం పరిపాటిగా మారింది.

నిజానికి పేర్లు మారడమే మంచి పాఠం. సెప్టెంబరు 13న సైనిక చర్య మొదలైందన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. దానిని ఏ పేరుతో పిలవాలన్న దగ్గరే తేడా వస్తోంది. జరిగిన సంఘటన ఒకటి, దానికి ఇచ్చుకునే అర్థం మరొకటి అని విద్యార్థి గ్రహించాలి. అంతకు ముందు ఏడాది, 1947 అక్టోబరులో ఉమ్మడి పాలమూరు జిల్లాలోని అప్పంపల్లిలో జరిగిన కాల్పులలో గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయారు. ఎనిమిదో తరగతి పుస్తకంలోని హైదరాబాద్ రాష్ట్ర స్వాతంత్ర్యోద్యమ పాఠాన్ని ఇటువంటి సమీప ఘటనతో ముడిపెడితే అది పిల్లల మనసుకు హత్తుకుంటుంది.

అడ్డంకి ఎక్కడ?

పాఠ్యపుస్తకాలను మాత్రమే నిందించడం సరికాదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, దాని వెలుగులో 2011లో ఉమ్మడి రాష్ట్రంలో రూపొందించిన పత్రం కూడా బడి వెలుపలి జీవితంతో చదువును జోడించాలనే చెప్పాయి. పుస్తకాలలో చర్చించండి, పరిశీలించండి, పెద్దలను అడిగి తెలుసుకోండి అన్న అభ్యాసాలు ఉన్నాయి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పది రోజుల పాటు సంచి లేని బడిని సూచించింది.

కాగితం మీద ఉన్నది తరగతిలోకి రాకపోవడానికి పరీక్షే ప్రధాన కారణం. పదో తరగతిలో చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, ఆర్థికశాస్త్రం కలిసి ఒకే ప్రశ్నపత్రం. సిలబస్ పూర్తి చేయడమే గండంగా మారుతున్నది. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనులకు మార్కులు కేటాయించినా, బజారులో దొరికే గైడ్లు చూసి అట్టలపై బొమ్మలు అతికించి ఇవ్వడం, చూడకుండానే మార్కులు వేయడం చాలాచోట్ల తంతుగా మారిందన్నది బహిరంగ రహస్యం. దీనికి తోడు సరిహద్దు గ్రామాలలో ఇంట కన్నడం, వీధిలో తెలుగు, పుస్తకంలో ఆంగ్లం అన్న మూడు భాషల నడుమ పిల్లలు నలుగుతున్నారు.

మధ్యప్రదేశ్ అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ అక్కడి కొన్ని ప్రభుత్వ పాఠశాలలలో సాంఘిక శాస్త్రాన్ని కథనాలు, చర్చలు, పరిశీలనల ద్వారా బోధించే కార్యక్రమాన్ని నడిపింది. పుస్తకం చూసి రాయదగిన పరీక్షలు సైతం అందులో భాగం. 2002లో అక్కడి ప్రభుత్వం దానిని నిలిపివేసింది. బోధన ఎంత మారినా పరీక్ష, ప్రభుత్వ సంకల్పం తోడు కాకపోతే ఎక్కువ కాలం నిలవదన్నది ఆ అనుభవం నేర్పిన గుణపాఠం.

చేయవలసినది

కొత్త నిధుల కోసం ఎదురుచూడనవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి. ప్రాజెక్టు పనులలో ఏడాదికి ఒకటి తప్పనిసరిగా సొంత ఊరి చరిత్రపై ఉండేలా విద్యాశాఖ ఆదేశించవచ్చు. అది విద్యార్థి చేతిరాతలో, తాను మాట్లాడిన వ్యక్తుల వివరాలతో ఉండాలన్న నిబంధన పెడితే గైడ్ల బెడద తగ్గుతుంది. కాంప్లెక్స్ సమావేశాలలో సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులు ఒక్కొక్కరు ఒక్కో స్థానిక పాఠాన్ని తయారుచేసి పంచుకోవచ్చు. పట్టణంలోని బారం బావి, లోకాయపల్లి సంస్థానపు ఆనవాళ్లు నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి. దూర ప్రయాణం వీలైన బడులు ముడుమాల్‌ను, మహబూబ్‌నగర్ పిల్లలమర్రిలోని పురావస్తు ప్రదర్శనశాలను ఎంచుకోవచ్చు. పిల్లలు సేకరించిన వృద్ధుల జ్ఞాపకాలను పాఠశాల గ్రంథాలయంలో భద్రపరిస్తే పదేళ్లకు అదే జిల్లా చరిత్రకు ముడిసరుకు అవుతుంది.

ముడుమాల్‌కు దక్కినది తాత్కాలిక జాబితాలో చోటు మాత్రమే. శాశ్వత గుర్తింపునకు ఇంకా చాలా దూరం ఉంది. ఈలోగా ఒక్కో చిన్నరాయి పొలం చదునులో కలిసిపోయినా, గుప్త నిధుల ఆశతో పెకలించినా తిరిగి నిలపడం ఎవరి తరమూ కాదు. కంచె, కాపలా ఎంత ఉన్నా, ఆ రాయి విలువ తెలిసిన పిల్లవాడు ఊరిలో ఉండడమే దానికి గట్టి రక్షణ. ఆ పిల్లవాడిని తయారు చేయవలసినది తరగతి గది. అందుకు కావలసిన పాఠం ఊరి శివారులోనే నాలుగు వేల ఏళ్లుగా నిలబడి ఉంది.