సొరంగం సరే, అవతల ఉన్నదెవరు?

"మేం ఎస్ఎఫ్‌టీపీ వాడుతున్నాం, కాబట్టి సెక్యూరే." ఈ మాట మన ప్రాజెక్టుల్లో ఎంత ధీమాగా చెప్తారో మీకు తెలిసిందే. డిజైన్ డాక్యుమెంటులో రెండు డబ్బాలు, మధ్యలో ఒక బాణం, దాని మీద చిన్న తాళం బొమ్మ. క్లయింటు తలూపుతాడు, మేనేజరు తలూపుతాడు, పని అయిపోతుంది. నన్నడిగితే చాలా చోట్ల ఆ తాళం ఒట్టి బొమ్మే.

ఎఫ్‌టీపీ పాస్‌వర్డుని ఉన్నదున్నట్టు, ఎవరైనా చదువుకునేలా పంపిస్తుంది. 1995లో ఫిన్లాండులోని హెల్సింకీ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ నెట్‌వర్కులో ఎవరో కాపు కాసి పాస్‌వర్డులు కొట్టేశారు. దాంతో అక్కడే పనిచేస్తున్న టాటూ యూలోనెన్ ఎస్ఎస్‌హెచ్ రాశాడు. ఎస్ఎఫ్‌టీపీ నడిచేది ఆ సొరంగంలోనే. అయితే ఈ సొరంగం చేసే పనులు ఒకటి కాదు, రెండు. దారిలో ఎవరూ చదవకుండా చూడటం మొదటిది. అవతల ఉన్నది మనం అనుకున్న సర్వరేనా అని తేల్చుకోవడం రెండోది. ఈ రెండోదాని కోసమే ప్రతి సర్వరుకీ ఒక హోస్ట్ కీ ఉంటుంది. మనవాళ్ళు తీసి పారేస్తున్నది సరిగ్గా దాన్నే.

ఎలాగంటారా? జావాలో జేఎస్‌సీహెచ్‌తో మొదటిసారి కనెక్ట్ చేస్తే "అన్‌నోన్ హోస్ట్ కీ" అని ఎక్సెప్షన్ వస్తుంది. వెంటనే గూగుల్ చేస్తాం. మొదట కనబడే జవాబు: "స్ట్రిక్ట్ హోస్ట్ కీ చెకింగ్"ని "నో" అని పెట్టెయ్. పెట్టేస్తాం, పనిచేస్తుంది, కమిట్ చేసేస్తాం. పైథాన్ వాళ్ళు కూడా తక్కువ తినలేదు. పారామికో తనంతట తానుగా తెలియని సర్వరుని తిరస్కరిస్తుంది. మనమే "ఆటో యాడ్ పాలసీ" అనే ఒక్క లైనుతో దాని నోరు నొక్కేస్తాం. పాత కీలు లోడ్ చెయ్యకుండా ఆ లైను రాస్తే ప్రోగ్రాం ఎప్పుడు లేచినా అవతలివాడు కొత్తవాడే, ఎప్పుడూ నమ్మదగ్గవాడే!

నేను చూసిన ఒక ప్రాజెక్టులో నెలనెలా జీతాల ఫైలు ఇలాగే బ్యాంకుకి వెళ్ళేది. పేర్లు, అకౌంటు నంబర్లు, ఎవరికెంత, అన్నీ అందులోనే. ఆ "నో" లైను పక్కన "టెంపరరీ" అని కామెంటు. ఆ టెంపరరీ వయసు మూడేళ్ళు! అడిగితే వచ్చిన జవాబు: "వదిలెయ్ బాసూ, నడుస్తోంది కదా."

ఇక్కడ సాధారణంగా మూడు వాదనలు వస్తాయి.

ఒకటి: "మేం పాస్‌వర్డు వాడట్లేదు, ప్రైవేట్ కీ వాడుతున్నాం." మంచిదే. దొంగ సర్వరు మీ కీని కాజేయలేదు, మీ పేరుతో అసలు సర్వరులోకి దూరలేదు కూడా. కానీ మీరు అప్‌లోడ్ చేసే ఫైలుని మాత్రం హాయిగా పుచ్చుకుంటుంది. మనం కాపాడాల్సింది ఆ ఫైలునే కదా?

రెండు: "ఇదంతా మా లోపలి నెట్‌వర్కే." అంత నమ్మకం ఉంటే అసలు ఎన్‌క్రిప్షన్ ఎందుకు? పైగా దీనికి దొంగే రానక్కర్లేదు. డీఎన్ఎస్‌లో ఒక ఎంట్రీ తప్పు పడితే చాలు. క్లౌడులో నిన్న మీరు వదిలేసిన ఐపీ ఇవాళ ఇంకెవరికో వెళ్ళొచ్చు.

మూడోది న్యాయమైన వాదన: "అవతలివాళ్ళు చెప్పాపెట్టకుండా కీ మారుస్తారు. రాత్రి రెండింటికి జాబ్ ఫెయిలైతే లేచేది మేమే." నిజమే, ఈ బాధ నాకూ తెలుసు. కీలు మారతాయి కూడా. 2023 మార్చిలో గిట్‌హబ్ తన ఆర్ఎస్ఏ హోస్ట్ కీని మార్చింది. ఆ ప్రైవేట్ కీ కాసేపు ఒక పబ్లిక్ రిపాజిటరీలో బయటపడటమే కారణం. అంతటి సంస్థకే తప్పలేదు. ఆరోజు పాత కీ గుర్తుపెట్టుకున్న యంత్రాలు ఆగిపోయి "ఇతను మారిపోయాడు, చూసుకోండి" అని అరిచాయి. మనుషులు గిట్‌హబ్ ప్రకటించిన కొత్త ఫింగర్‌ప్రింట్‌తో పోల్చి సరిచేసుకున్నారు. చెకింగ్ "నో" అని పెట్టుకున్న జేఎస్‌సీహెచ్ కోడుకైతే ఏదో మారిందన్న సంగతే తెలియదు. ఆగడం ఇబ్బందే. కానీ ఆ ఆగడం కోసమే కదా ఇదంతా పెట్టుకున్నది!

మరి ఏం చెయ్యాలి? పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అవతలి టీముతో మొదటిరోజు యూజర్ నేమ్, పోర్టు అడిగేటప్పుడే ఫింగర్‌ప్రింట్ కూడా అడగాలి. అది ఈమెయిల్‌లోనో ఫోన్‌లోనో రావాలి గానీ, అదే సర్వరుకి కనెక్టయి తెచ్చుకోకూడదు. "ఎస్ఎస్‌హెచ్ కీస్కాన్" నడిపి వచ్చింది వచ్చినట్టు అతికించుకుంటే, దొంగనే "నువ్వు దొంగవా?" అని అడిగినట్టు. తెచ్చుకున్న కీని "నోన్ హోస్ట్స్" ఫైల్లో పెట్టి, కోడుకి ఆ ఫైలు చూపించాలి. కీ మార్చేముందు వారం రోజుల నోటీసు ఇవ్వాలని ఒప్పందంలో రాసుకోవాలి. ఓపెన్ ఎస్ఎస్‌హెచ్‌లో ఒకే సర్వరుకి పాత కీ, కొత్త కీ రెండూ ఉంచుకోవచ్చు, కాబట్టి మారే రాత్రి కూడా నిద్ర పాడవదు. ఇంతా కలిపి ఒక పూట పని.

ఆ ఒక పూట ఎవరూ ఇవ్వరు, అసలు గొడవ అక్కడుంది. ఫైలు వెళ్ళకపోతే పదిమంది ఫోన్ చేస్తారు. తప్పు చోటికి వెళ్తే ఒక్కరూ చెయ్యరు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. మన ఎస్టిమేట్లలో ఫోన్ రాని పనికి గంటలు ఉండవు. ఆ జీతాల ఫైల్లో పేర్లున్నవాళ్ళెవరూ మన కోడు రివ్యూకి రారు, వాళ్ళ తరఫున అడగాల్సింది మనమే. అందుకే రివ్యూలో ఆ లైను కనబడితే టెంపరరీ అన్నా సరే, నేను అప్రూవ్ చెయ్యను. చాదస్తం అనుకున్నా పర్లేదు :)

రేపు ఆఫీసుకెళ్ళాక మీ కోడులో ఆ రెండు మాటలూ ఒకసారి వెతికి చూడండి. ఎన్ని దొరికాయో చెప్పండి.