గంజి పెట్టిన దయ్యం

"మనుమలు హాలోవీన్ వేడుకకు భూతాల బొమ్మలు కావాలంటున్నారు. బజారులో ధరలు మండిపోతున్నవి. ఇంట్లో చేసే ఉపాయం ఏదైనా వున్నదా?" అని ఒక సోదరి మాకు వ్రాశారు. లేకేమి? 2024లో మేమూ ఈ పాట్లు పడ్డవాళ్లమే. ఈ నెల ఆ ముచ్చటే చెప్పుకుందాము.

ముందు పండుగ సంగతి. నవంబరు 1 క్రైస్తవులకు సకల పునీతుల పండుగ. దాని ముందటి సాయంత్రం హాలోవీన్. ఐర్లండు, స్కాట్లండు దేశాలలో ఆ రాత్రి పిశాచాలు తిరుగుతాయని నమ్మేవారు. టర్నిప్ దుంపలను తొలిచి, వికారపు ముఖాలు చెక్కి, లోపల దీపం పెట్టేవారు. పందొమ్మిదవ శతాబ్దంలో ఐర్లండువారు వేలకువేలు అమెరికాకు వలసపోయారు. అక్కడ వారికి గుమ్మడికాయ దొరికింది. దుంపకంటె పెద్దది, తొలవడం సులువు. ఊరు మారితే పండుగ సామగ్రి మారుతుందని మనకు ఇంకొకరు చెప్పాలా? ఇప్పుడా పండుగ మా బెంగుళూరు మేడలకూ వచ్చింది.

ఆ సంవత్సరం దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. అందుచేత మా మేడవారు పిల్లల వేడుకను ముందటి శనివారానికి పెట్టుకున్నారు. మెట్ల దగ్గర ఎవరో ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని కొనితెచ్చి వ్రేలాడదీశారు. మనిషి అలికిడి అయితే చాలు, దాని కళ్లు ఎర్రగా వెలుగుతవి, వికటంగా నవ్వుతుంది. మా చిన్న మనుమడికి అప్పుడు ఐదేళ్లు. దాన్ని చూచిన నాటినుంచి వాడు మెట్లు దిగడు, రాత్రి దీపం ఆర్పనివ్వడు. బడి బస్సు దాకా ఎత్తుకొని పోవలసి వచ్చేది. వేడుకకు వాణ్ణి తీసుకుపోవద్దన్నది కోడలు. వాడి అక్క మాత్రం, "మనమే భూతాన్ని చేద్దాం, వీడూ చేస్తాడు" అన్నది.

మా అత్తగారికి కోపం వచ్చింది. "కొలువు దించి రెండు వారాలు కాలేదు. అమ్మవారు కూర్చున్న చోట రాక్షసులనా?" అన్నారు. ఎదుట కడుతున్న ఇంటికి నాలుక చాచిన దిష్టిబొమ్మ వ్రేలాడుతున్నది. పెద్దపిల్ల దాన్ని చూపించి, "మరి అదేమిటి తాతమ్మా?" అన్నది. ఆమె బదులు చెప్పలేదు. కాసేపటికి గుప్పెడు కొబ్బరిపీచు తెచ్చి, "జుట్టుకు" అని మా ముందు పెట్టారు.

భూతం తలకు పెద్ద బెలూను ఊది, మైదాబంకలో తడిపిన పాత పత్రికల ముక్కలను నాలుగు పొరలు అంటించాలి. ఒక పొర బాగా ఆరిన తరువాతనే రెండవది. మేము తొందరపడి పచ్చి పొర మీదనే మరొకటి వేశాము. ఒక బుగ్గ లొత్తపోయింది. భూతానికి అదే అందమన్నారు పిల్లలు. ఆరాక బెలూను పగులగొట్టి, రంగు పూసి, గుమ్మడిగింజలతో పళ్లు, ఎర్ర గుడ్డతో నాలుక పెట్టాము. వెనుకటి రోజులలో బంకలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. అది విషం; పిల్లలు చేతులు పెట్టే చోట వద్దు.

దయ్యానికి ఖర్చే లేదు. పలుచని పాత పంచెముక్క గజం చాలు. గంజి చిక్కగా వుండాలి. కుక్కర్లు వచ్చిన తరువాత వార్చిన గంజి ఏ ఇంట వున్నది! రెండు పెద్ద చెంచాల బియ్యపుపిండిని నీళ్లలో ఉడికించి కాచాము. సీసా మీద బంతి నిలిపి, చేతులకు తీగ కట్టి, అంటుకోకుండా ప్లాస్టిక్ సంచి కప్పి, గంజిలో ముంచిన గుడ్డను పైన పరిచాము. ఒకటే ముసురు, ఆరడానికి రెండు రోజులు పట్టింది. లోపలి సీసా తీసినా అది తనంత తానే నిలబడింది.

గుడ్డ మడతలు సరిచేస్తూ చిన్నవాడు, "ఇది రాత్రి లేచి నడుస్తుందా?" అని అడిగాడు.

"కాళ్లుంటే గదా నడిచేది!"

"అయితే కాళ్లు పెట్టొద్దు" అన్నాడు. నల్ల కాగితంతో కళ్లు వాడే కత్తిరించాడు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

వీటి లోపల ప్రమిదగానీ, కొవ్వొత్తిగానీ పెట్టకండి. కాగితం, పీచు, ఎండిన గుడ్డ — అంటుకుంటే క్షణం పట్టదు. మేము చిన్న బ్యాటరీ దీపం పెట్టాము.

శనివారం సాయంత్రం చిన్నవాడు దయ్యాన్ని రెండు చేతులా పట్టుకొని తానే మెట్లు దిగాడు. అస్థిపంజరం నవ్వింది. వాడు ఆగి, దయ్యం ముఖం దానివైపు త్రిప్పి, కాసేపు అలాగే నిలబడ్డాడు. తరువాత క్రిందికి వెళ్లిపోయాడు. రాత్రి దీపం మాత్రం ఇంకో నెల వెలుగుతూనే వున్నది.

దీపావళి వెళ్లాక బకెట్టులో వేడినీళ్లు పోసి, చల్లారనిచ్చి, దయ్యాన్ని వాడిచేతనే ముంచించాము. గంజి కరిగి పంచెముక్క మిగిలింది. ఇప్పుడు దానితో దీపపుకుందులు తుడుస్తున్నాము.