సరస్ విమానమును నడిదారిని విడువరాదు

చూలై యనగా అరవమున ఇటుకల ఆవము. ఆ పేరే మన పేటకు నిలిచినది. ఆవము విప్పినపుడు కొన్ని ఇటుకలు పగిలియుండును, కొన్ని వంకర పోయియుండును. అంతమాత్రమున ఆవము నార్పి ఊరు విడిచిపోవువాడు లేడు. ఈ పేటనుండి నడచిపోదగిన దూరముననే మౌంటురోడ్డు కలదు. అచ్చటి హోటలు యజమాని డాంజెలిస్ అను నాతడు 1910లో తన నమూనా ప్రకారము సింప్సన్ కంపెనీవారిచేత విమానము కట్టించి పల్లావరమున నెగురవేసెను. రైటు సోదరులు తొలిసారి యెగిరి అప్పటికి ఏడేండ్లైనను నిండలేదు. అంత ముందుగా మొదలిడిన పట్టణమునుండి 2021 మార్చిలో కర్నూలునకు విమానములు నడువ నారంభించినపుడు వచ్చినవి ఫ్రెంచి, ఇటలీ దేశస్థులు కలసి చేసిన ఏ.టి.ఆర్. విమానములే!

కర్నూలు, కడప వంటి ఊళ్లకు పెద్ద విమానములు నిండవు. పది పదునైదుగురితో బయలుదేరి, పొట్టి పట్టాలపై దిగి, ఒక యింజను ఆగినను రెండవదానితో గమ్యము చేరగల చిన్న విమానము కావలెను. బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలవారు తలపెట్టిన సరస్ విమానము అట్టిది. 1984 మొదలు 1993 వరకు ఆ శాలకు అధిపతిగా నుండినవారు రొద్దం నరసింహగారు. 1991లో రష్యాలోని మ్యాసిష్చేవ్ సంస్థతో పొత్తు కుదిరినది; సోవియెట్ రాజ్యము కూలుటతో ధనము లేక వారు తప్పుకొనిరి. మనవారు ఒంటరిగా మిగిలిరి. 1999 సెప్టెంబరులో ప్రభుత్వపు మంజూరు లభించినది. 2001లో ఎగురవలసినది 2004 మే 29న ఎగిరినది.

ఇంజనులను రెక్కలకు తగిలింపక వెనుకభాగమున నిలిపి, ప్రొపెల్లర్లు విమానమును వెనుకనుండి నెట్టునట్లు చేసిరి. ఇందువలన లోపల మోత తగ్గును. కల్పన చక్కనిదే. కాని ఖాళీ విమానము 4,125 కిలోలుండవలెనని లెక్కింపగా, తొలి నమూనా 5,118 కిలోలు తూగినది. దాదాపు వేయి కిలోలు హెచ్చు! ప్రయాణికులు మోయవలసిన బరువును విమానమే మ్రింగివేసినది. దీనిని దాచుటవలన ప్రయోజనము లేదు.

2009 మార్చి 6వ తేది దుఃఖదినము. ఆనాడు బిడది సమీపమున రెండవ నమూనా కూలి, వింగ్ కమాండర్లు ప్రవీణ్ కోటెకొప్ప, దీపేశ్ షా, స్క్వాడ్రన్ లీడర్ ఇళయరాజా మరణించిరి. ఆపిన యింజనును గాలిలో మరల రగిలించి చూచుట ఆనాటి పరీక్ష. అందులకు విమానము నిర్మించినవారు నిర్ణయించిన పద్ధతియే తప్పనియు, పరీక్ష జరిపిన ఎత్తు చాలదనియు విచారణ తేల్చినది. చనిపోయినవారిది సాహసము, కాగితముపై తప్పు వ్రాసినవారిది బాధ్యత. ఈ రెంటిని కలిపి 'విధి' యని సరిపెట్టుకొనుట మాకు సమ్మతము కాదు.

అయితే ఆ పిదప జరిగినదేమి? తప్పు దిద్దుటకు మారుగా పనియే మూలబడినది. సవరించిన తొలి నమూనా మరల నెగిరినది 2018 జనవరి 24న. నడుమ దాదాపు తొమ్మిదేండ్లు! పనివాండ్రు చెదరిపోవుదురు, నేర్చినది మరపునకు వచ్చును, నిపుణులు విశ్రాంతి పుచ్చుకొందురు. ఈ నష్టమును ఏ బడ్జెటులోను చూపరు.

డార్నియర్ విమానములను జర్మనుల అనుమతితో కాన్పూరులో చేయుచున్నాము గదా, వేరొకటి యేల? అని కొందరందురు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. పరుల పటము చూచి చేయువానికి చేతిపని వచ్చును. ఆ పటమున ఒక గీత యేల అట్లున్నదో తెలియుట వేరు. బ్రెజిలువారి బాండెయిరాంటె విమానము 1968లో ఎగిరినది. దాని యింజనులును సరస్ యింజనులవలెనే కెనడానుండి తెచ్చుకొన్నవే. కాని వారి వైమానిక దళము ఆరంభముననే 80 విమానములు కొనుటకు ఒడంబడిక చేసికొన్నది. అవి సుమారు 500 తయారైనవి. దానినే నమ్మి పుట్టిన ఎంబ్రాయెరు కంపెనీ విమానములు నేడు మన దేశమునను తిరుగుచున్నవి.

ఇప్పుడు 19 మంది కూర్చుండదగిన సరస్సును సిద్ధపరచుచున్నారు. ప్రభుత్వమువారు దానిని పొగడుట మాని, ఎన్ని కొందురో, ఏ సంవత్సరమున కొందురో ముందుగా వ్రాసి యిచ్చుట మంచిది. గాలిలో ప్రమాదకరమైన పరీక్షల పద్ధతులను నిర్మించినవారుగాక వేరొక నిపుణసంఘము పరిశీలించి ఒప్పుకొనిన పిమ్మటనే పైలట్ల చేతి కియ్యవలెను. విమానపు ఖాళీ బరువు ఎంత నిర్ణయించిరో, ఎంత తూగుచున్నదో ఏటేట పార్లమెంటు ముందుంచవలెను. ఈ చివరిదానికి దమ్మిడీ ఖర్చు లేదు.