ముట్టుకోవచ్చు అన్నారు సరే, ఎవరి చేతులు?

మ్యూజియం అనగానే మనకి గుర్తొచ్చేది అద్దాల పెట్టె, దాని మీద 'తాకరాదు' అన్న చీటీ. సైన్సు, సాంకేతిక మ్యూజియంలు ఈ పద్ధతిని చాలావరకు మార్చాయి. అక్కడ పిడి తిప్పి చూడమంటారు, మీట నొక్కమంటారు, విప్పి మళ్ళీ బిగించమంటారు. బెంగుళూరులో విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం 1965 నుంచీ ప్రజలకి తెరిచి వుంది. తిరుపతిలో ప్రాంతీయ సైన్సు కేంద్రం 1993లో వచ్చింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు బడులవాళ్ళు పిల్లల్ని చూపించడానికి తీసుకెళ్ళగలిగినంత దూరంలోనే ఈ రెండూ వున్నాయి. చూడటం, చదవడం కంటే చేత్తో చేసి తెలుసుకోవడం మేలన్న మాటతో నాకు పేచీ లేదు. ఆ చేతులు ఎవరివన్నదే నా ప్రశ్న.

మన సమాజంలో 'ముట్టుకో' అనడం చిన్న విషయం కాదు. తెలుగులో 'ముట్టు' అన్న ఒక్క మాటే తాకడానికీ వుంది, స్త్రీల నెలసరికీ వుంది. పనిముట్టులోనూ అదే వినిపిస్తుంది. ఏ పనిముట్టుని ఎవరు ముట్టవచ్చో, ఎవరు ముట్టరాదో ముందే తేల్చిపెట్టిన సమాజం మనది. ఆడది మడక మేడి పట్టకూడదు, పడితే వానలు పోతాయి. కుమ్మరి ఇంట మట్టి తెచ్చేది, రాళ్ళు ఏరేది, పిసికేది స్త్రీలు. సారె మాత్రం మగవాడిది. గొర్రుతో విత్తేటప్పుడు ఎడ్లని తోలేది మగవాడు. వెనక నడుస్తూ జడ్డిగంలో గింజలు పోసేది స్త్రీ. మొలక ఒత్తుగా రావడం, పలచగా రావడం ఆమె పిడికిలి వదులు మీద ఆధారపడి వుంటుంది. అయినా గొర్రుని మ్యూజియంలో పెడితే కింద రాసేది గొర్రు గురించే, ఆ పిడికిలి గురించి కాదు.

కులం సంగతీ ఇంతే. కరెంటు మోటార్లు రాకముందు ఈ ప్రాంతంలో బావినీళ్ళు తోడింది కపిలతో. ఆ తోలు బాన సిద్ధం చేసింది మాదిగ కుటుంబాలు. వాళ్ళు కుట్టిన బాన రోజంతా బావిలో మునిగి తేలింది, వాళ్ళు మాత్రం ఆ బావి దరికి రాకూడదు. అలాంటి కపిలని బాగుచేసి నిలబెట్టి, 'రండి, పిల్లలూ, తోలి చూడండి' అంటే పిల్లలకి సరదాగానే వుంటుంది. కానీ దాని చరిత్రలో సగం చెప్పనట్టే.

ఇక కుప్పం సంగతికి వస్తాను. 1999లో మొదలైన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ వాళ్ళ ప్రాంగణం గుడుపల్లె మండలంలో కొండల మధ్య 172 ఎకరాల్లో వుంది. చౌకగా దొరికే వస్తువులతో చేసిన నమూనాలు పెట్టుకుని ప్రభుత్వ బడుల పిల్లలకి ప్రయోగాలు చేయించడం వాళ్ళ పద్ధతి. పిల్లలు రాలేని చోటికి వ్యానులు పంపుతారు, మోటారు సైకిళ్ళ మీద ప్రయోగశాలని మోసుకెళ్తారు. పిల్లలే తోటిపిల్లలకి చెప్పేలా తయారుచేస్తారు. 2017లో అక్కడే రామానుజన్ గణిత పార్కు వచ్చింది, దాని వెనక సుజాతా రామ్‌దొరై అనే గణిత శాస్త్రవేత్త వున్నారు. ప్రయోగశాల తలుపు తాళం తీయని బడుల్లో చదువుకున్న మన తరానికి ఇది ఎంత పెద్ద మార్పో వేరే చెప్పక్కర్లేదు. ఇది సాంకేతిక చరిత్ర మ్యూజియం కాదు, వాళ్ళ ప్రధానమైన పని సైన్సు సూత్రాలు. అయినా మన మూడు ఊళ్ళకీ చేత్తో ముట్టి నేర్చుకునే సంస్కృతి దగ్గరగా వచ్చింది అలాంటి చోట్ల ద్వారానే.

వ్యాను వచ్చి బల్లల మీద పరికరాలు పరిచినంత మాత్రాన అందరి చేతులూ వాటి మీద పడవు. పుంగనూరు ప్రాంతంలో ఒక బడిలో జరిగిన ప్రదర్శనని (బడి పేరూ, నిర్వాహకుల పేరూ ఇక్కడ అనవసరం) నేను వెనక బెంచీ మీద కూచుని చూశాను. డైనమో పిడి ఒక్కటే వుంది. అది ఒక మగపిల్లాడి చేతి నుంచి ఇంకో మగపిల్లాడి చేతికి పోయింది. అమ్మాయిలు చుట్టూ నిలబడి బల్బు వెలగడం చూశారు, నోట్సు రాసుకున్నారు. తర్వాత ప్రశ్నలడిగితే జవాబులు గబగబా చెప్పింది కూడా అమ్మాయిలే. మాస్టారు మురిసిపోయారు. మీలో ఎంతమందికి పిడి చేతికొచ్చింది అని అడిగితే ఒకమ్మాయి 'మేము రికార్డు రాసినాం కదా మేడమ్' అంది. చేసేది వాళ్ళు, రాసేది వీళ్ళు! ఇది ఎవరో పనిగట్టుకుని చేసింది కాదు, ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల జరిగింది. పద్నాలుగేళ్ళకి పెళ్ళి మాటలు మొదలయ్యే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు వాళ్ళు. రెండ్రోజుల యాత్రకి మగపిల్లాణ్ణి పంపిన తల్లిదండ్రులు ఆడపిల్లని పంపడానికి వెనకాడతారు. అలాంటి పిల్లకి ఆ పిడి మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది?

చరిత్ర దగ్గరికి వస్తే చిక్కు ఇంకా లోతుగా వుంది. మదనపల్లె అనగానే 1919లో రవీంద్రుడు థియసాఫికల్ కాలేజీలో బస చేయడం, జనగణమనని ఇంగ్లీషులోకి అనువదించడం గుర్తు చేసుకుంటారు. దాని బాణీ కూర్పులో పాలుపంచుకున్న మార్గరెట్ కజిన్స్ ఐర్లండ్‌లో స్త్రీల ఓటు హక్కు కోసం జైలుకెళ్ళిన మనిషి అన్న సంగతి మాత్రం ఎక్కువమంది చెప్పరు. అదే ఊళ్ళో నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేస్తారు. చుట్టుపక్కల పల్లెల్లో పట్టుపురుగులు పెంచుతారు. ఆకు కోసేది, రాత్రిళ్ళు లేచి పురుగులకి మేత వేసేది, చంద్రికలకి ఎక్కించేది, గూళ్ళు ఏరేది ఎక్కువగా స్త్రీలే. (ముట్టయితే మాత్రం పురుగుల గదిలోకి రానివ్వని ఇళ్ళున్నాయి. ఆ నాలుగు రోజులూ ఆకు కోసుకు రావడానికి అభ్యంతరం లేదట!) గూళ్ళు ఉడికించి, వేడినీళ్ళలో వేళ్ళు పెట్టి పోగు కొస వెతికి, ఎనిమిది పది గూళ్ళ పోగులు కలిపి ఒక దారంగా చరఖాకి అందించే చేతి నైపుణ్యం ఏ ఇంజనీరింగు పుస్తకంలోనూ దొరకదు. దీన్ని మనం 'కులవృత్తి' అంటాం, 'కుటీర పరిశ్రమ' అంటాం, 'సంప్రదాయం' అంటాం. సాంకేతిక విజ్ఞానం అని మాత్రం అనం. ఆ గుర్తింపు మోటారు పెట్టిన తర్వాతే వస్తుంది, అప్పటికి దాని దగ్గర కూచునే మనిషి మారిపోయి వుంటాడు.

జపాన్‌లో తొమియోకా పట్టు మిల్లు 1872లో ప్రభుత్వం పెట్టింది. 2014లో దానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. చూడటానికి వెళ్ళినవాళ్ళు అక్కడ తమ చేత్తో గూటి నుంచి దారం తీసి చూడవచ్చు. తొలిరోజుల్లో అక్కడ పనికి చేరింది చాలావరకు సమురాయ్ కుటుంబాల అమ్మాయిలు. ఫ్రెంచివాళ్ళు తాగే ఎర్రటి ద్రాక్ష సారాయిని చూసి వీళ్ళు నెత్తురు తాగుతున్నారని పుకారు పుట్టిందట, అందుకే మొదట పనికి అమ్మాయిలు దొరకలేదట. ఆ కబురు వినడానికి బాగుంటుంది. కానీ తర్వాత అదే పరిశ్రమ ప్రైవేటు మిల్లుల చేతుల్లోకి పోయాక, 1886లో కోఫు పట్టణంలో అమెమియా మిల్లు పట్టు కార్మిక స్త్రీలు పని గంటల మీద, కూలి మీద సమ్మె చేశారు. జపాన్‌లో తొలి సమ్మెల్లో ఒకటిగా దాన్ని లెక్కిస్తారు. దారం తీసి చూసిన పిల్లకి ఈ రెండో కబురు కూడా చెప్పాలి కదా.

మన దగ్గర ఆ రెండో కబురు ఇంకా చేదుగా వుంటుంది. 2003లో హ్యూమన్ రైట్స్ వాచ్ మన దేశపు పట్టు పరిశ్రమలో వెట్టికి కట్టుబడ్డ పిల్లల మీద ఒక నివేదిక తెచ్చింది. పొరుగునే వున్న కర్ణాటకలో దారం తీసే చోట్ల పిల్లలు కాగే నీళ్ళలో చేతులు పెట్టి బొబ్బలెక్కించుకున్న సంగతి అందులో వుంది. చేతులతో నేర్చుకోవడం అని మనం గొప్పగా చెప్పుకునేటప్పుడు ఆ చేతులు కూడా లెక్కలోకి రావాలి. గోరువెచ్చని నీళ్ళలో రెండు నిమిషాలు వేళ్ళు ముంచి, ఫోటో దిగి, చప్పట్లు కొట్టి బయటికి రావడాన్ని నేను చరిత్ర అనలేను.

అసలు పని బరువు తెలిసేలా చేయించడం కష్టమేమీ కాదు. పోచంపల్లి చీరకి ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకి చెయ్యి తొమ్మిదివేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఈ పని చేసేది ఇంటి ఆడవాళ్ళు, భుజాలు పడిపోయేదీ వాళ్ళకే. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి బాధ చూసి 1992 నుంచి 1999 దాకా ఏడేళ్ళు తంటాలు పడి ఆసు యంత్రం చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రాన్ని నిలబెట్టిన చోట పక్కనే పాత ఆసు కూడా పెట్టి, వచ్చిన ప్రతివాళ్ళనీ, ముఖ్యంగా మగవాళ్ళని, తొమ్మిదివేలలో రెండొందల సార్లు చెయ్యి ఆడించమంటే చాలు. యంత్రం ఎందుకు పుట్టిందో భుజమే చెప్తుంది. ఇంకో ప్రశ్న కూడా అక్కడే అడగాలి. మల్లేశం కష్టాన్ని తక్కువ చేయడానికి కాదు గానీ, బడి చదువు మధ్యలో ఆగిన కొడుక్కి ఊరూరా తిరగడానికీ, వర్క్‌షాపుల్లో కూచోడానికీ, నవ్వేవాళ్ళ మధ్య ఏడేళ్ళు ఓడిపోతూ వుండటానికీ వీలు దొరికింది. ఆ ఇంట్లో అదే ఆలోచన కూతురికి వచ్చివుంటే?

కాలిఫోర్నియాలో మౌంటెన్ వ్యూ అనే ఊళ్ళో కంప్యూటర్ చరిత్ర మ్యూజియం వుంది. మన తెలుగు ఇంజనీర్లు ఎంతోమంది పనిచేసే ప్రాంతమే అది. అక్కడ 1959 నాటి ఐబీఎం 1401 కంప్యూటర్ని బాగుచేసి నడిపి చూపిస్తారు. చూడవచ్చిన వాళ్ళు కీపంచ్ మిషను మీద తమ పేరుని కార్డు మీద చిల్లులుగా పొడుచుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. బావుంటుంది. కానీ కీపంచ్ ఆపరేటర్లలో అత్యధికులు స్త్రీలు. ఒకామె పొడిచిన కార్డుని సరిచూడటానికి ఇంకొకామె మళ్ళీ అవే మీటలు నొక్కేది. రోజంతా అదే పని, తక్కువ జీతం. చరిత్ర పుస్తకాల్లో యంత్రం తయారుచేసినవాళ్ళ పేర్లు మిగిలాయి, దానికి మేత వేసినవాళ్ళవి మిగల్లేదు. మన పట్టుపురుగుల కథే అనిపించింది నాకు.

అలాంటి కంప్యూటర్ చరిత్ర కుప్పానికీ వుంది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ 'ఐ-కమ్యూనిటీ' పేరుతో మూడేళ్ళ కార్యక్రమం మొదలుపెట్టింది. పొదుపు సంఘాల స్త్రీలు కొందరి చేతికి డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో నడిచే ప్రింటర్లు వచ్చాయి. వాళ్ళు ఊళ్ళు తిరిగి గుర్తింపు కార్డులకీ, వేడుకలకీ ఫోటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చి సంపాదించుకున్నారు. మన పట్టణాల్లో చాలామంది డిజిటల్ కెమెరా ముఖం చూడని రోజులవి. కంపెనీకి అది మార్కెట్ ప్రయోగం, ప్రభుత్వానికి ప్రచారం. ఆ లెక్కలు మనకి తెలియనివి కావు. అయినా ఆ స్త్రీలకి అది వేరే అనుభవం. చేతిలో కెమెరా వున్న మనిషిని ఊరు వేరేగా చూస్తుంది. రేపు కుప్పంలో ఎవరైనా సాంకేతిక చరిత్ర గది పెడితే, మొదటి బల్ల మీద వుండాల్సింది ఆ కెమెరా, దాని పక్కన నిలబడి వివరించాల్సింది దాన్ని భుజాన వేసుకుని తిరిగిన స్త్రీలు.

ఈ మాట అన్నప్పుడు ఒక ఉపాధ్యాయురాలు నన్ను సూటిగా అడిగింది. పట్టు తీయడం, ఆసు పోయడం, జడ్డిగంలో గింజ వేయడం చూపిస్తే మా అమ్మాయిల్ని మళ్ళీ ఆ పనుల్లోకే తోసినట్టు కాదా, వాళ్ళని రోబో చేయనివ్వండి అని. న్యాయమైన ప్రశ్నే. అమ్మ చేసే పనిని పూజించమని నేను అనడం లేదు. బానలో నీటి వేడి ఎంతో థర్మామీటరుతో కొలవమంటున్నాను. చరఖాకి మోటారు ఎక్కడ బిగించాలో, వేళ్ళు కాలకుండా పోగు కొస పట్టే ఉపాయం ఏమిటో అమ్మాయే ఆలోచించాలి. మోటారు వచ్చాక అమ్మ కూలి ఏమవుతుందో కూడా ఆ పాఠంలోనే రావాలి. రోబో చేయడానికి ఇది అడ్డమేమీ కాదు. తల్లి చేతిలో విజ్ఞానం వుందని ఎన్నడూ వినని పిల్ల, విజ్ఞానం అంటే తన ఇంటికి సంబంధం లేనిదనే అనుకుంటుంది.

చెప్పే మనిషికి డబ్బు సంగతి కూడా తేల్చాలి. ఇంజనీరు వచ్చి గంట మాట్లాడితే రిసోర్సు పర్సన్ పేరుతో కవరు ఇస్తాం. దారం తీసి చూపించిన స్త్రీకి భోజనం పెట్టి, శాలువా కప్పి పంపుతాం. మన స్వచ్ఛంద సంస్థలు కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఆమె ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చింది. ఇంజనీరుకి ఎంతో ఆమెకీ అంతే ఇవ్వాలని మ్యూజియంలనీ, బడులనీ అడిగే ముందు మన సంస్థల బడ్జెట్లలో రాసుకుందాం.

ఇక పిడి విషయం. ప్రదర్శన వ్యాను ఏ బడికి ఏ రోజు వస్తుందో ముందే తెలుస్తుంది. ఆ రోజు మొదటి గంట అమ్మాయిలకి విడిగా ఇమ్మని హెడ్మాస్టరుని అడగడం మన కార్యకర్తలకి కష్టమైన పని కాదు. ఆ రోజు పొదుపు సంఘం సమావేశం కూడా బడి ఆవరణలోనే పెట్టుకుంటే తల్లులు కూడా వచ్చి డైనమో తిప్పుతారు. రికార్డు రాసే పని ఆ ఒక్క పూటకి మగపిల్లలకి అప్పజెప్పవచ్చు.