ఫోను ధర సరే, పత్తి అమ్మడానికి ఫోను ఎందుకు?

సంక్రాంతి ముందు జరిగిన మా సంఘం మండల కమిటీ సమావేశంలో ఎజెండాలో లేని అంశం ఒకటి గంటసేపు నడిచింది. పత్తి తేమ శాతం గురించి మొదలైన మాట తిరిగి తిరిగి స్మార్ట్‌ఫోను ధర దగ్గర ఆగింది. "పన్నెండు వేలు పోసి కొన్న. అది నాకు చేసిన పనేంది?" అని ఒక పెద్దాయన అడిగాడు. పక్కన కూచున్న కుర్రాడు "అది లేకుంటే పత్తి ఎట్ల అమ్మేటోడివే పెదనాయినా?" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే. అందుకే ఈ నెల ఈ పేజీ దానికి ఇచ్చాం.

ధరలు పెరిగాయి, అందులో వాదన లేదు. మా దగ్గరి పట్నంలో రెండేళ్ల కింద ఎనిమిది, తొమ్మిది వేలకు వచ్చిన రకం ఇప్పుడు పదకొండు, పన్నెండు వేలంటున్నారు. దుకాణదారు "మెమరీ చిప్పుల కరువు" అంటాడు. అతను చెప్పేది అబద్ధం కాదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ కోసం చిప్పుల కంపెనీలు ఉత్పత్తిని అటు మళ్లించాయి, ఫోన్లకు వాడే మెమరీ ధర ఎక్కింది. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. పైన పన్ను ఉండనే ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి ఫోన్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 18 శాతమైంది. 2025 సెప్టెంబరు 22న ట్రాక్టర్ల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గించారు, సంతోషం. ఫోను మాత్రం 18 దగ్గరే ఉండిపోయింది. పన్నెండు వేల ఫోను కొంటే అందులో 1,830 రూపాయలు పన్నే. పీఎం కిసాన్ ఒక విడత 2,000. మిగిలిన 170తో ఒక యూరియా బస్తా కూడా రాదు.

ఫోను ఒక్కసారి కొంటాం, రీఛార్జి ఎప్పుడూ చేయిస్తూనే ఉంటాం. 2024 జులైలో ప్రైవేటు టెలికాం కంపెనీలన్నీ ఒకేసారి రేట్లు పెంచాయి. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ఒక కంపెనీ 28 రోజుల ప్యాకు 239 నుంచి 299కి పోయింది. నెలంటే మనకు ముప్పై రోజులు, వాళ్లకు ఇరవై ఎనిమిది. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జీలు. అంటే 3,887 రూపాయలు. మూడేళ్లు వాడితే రీఛార్జి 11,661, ఫోను 12,000. సగటున ఏడాదికి దాదాపు 7,900. కేంద్రం ఏడాదికి ఇచ్చే పీఎం కిసాన్ 6,000. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు సమావేశంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మరి అంత ఉపయోగం ఉందా? ఉందనే వాళ్లను మేము కాదనం. ఆకు మీద మచ్చ కనిపిస్తే ఫొటో తీసి వ్యవసాయ విస్తరణాధికారికి వాట్సాప్‌లో పంపుతున్నాం. మిర్చి ధర వరంగల్‌లో ఎంత, ఖమ్మంలో ఎంత అని బండి కట్టకముందే చూసుకుంటున్నాం. దుబాయిలో ఉన్న కొడుకు మొహం రోజూ చూసే తల్లికి ఆ ఫోను విలువ మనం లెక్కకట్టలేం. అయితే ఒక్కసారి చూడండి, ఈ పనుల్లో దేనికీ కొత్త ఫోను అవసరం లేదు. అయిదేళ్ల కిందటి కెమెరాకు కూడా ఆకుమచ్చ కనిపిస్తుంది. బావి దగ్గర సిగ్నల్ రెండు గీతలు దాటని చోట 5జీ ఫోను ఏం చేస్తుంది? ఎండలో స్క్రీను కనిపించదు, మందు కొట్టిన తడిచేతికి అది పలకదు. వెనకటి ఫోనుకు గోటితో మూత తీసి బ్యాటరీ మార్చేవాళ్లం. ఇప్పుడు అంతా అతికించి పంపుతున్నారు, పట్నం పోవాల్సిందే.

ఫోను వల్ల రైతుకు కలిగిన అతి పెద్ద మేలు ఏమిటని అడిగితే మాలో చాలామంది మోటారు స్టార్టరు పేరే చెప్పారు. ఇంటి నుంచి కాల్ చేస్తే బావి దగ్గర మోటారు నడుస్తుంది. రాత్రిపూట పాములు, తేళ్ల మధ్య నడిచే బాధ తప్పింది. ఆ పని బటన్ ఫోనుతోనే అవుతుంది.

ఇక అసలు సంగతి. 2025-26 సీజన్‌లో భారత పత్తి సంస్థ కొనుగోళ్లకు 'కపాస్ కిసాన్' యాప్ పెట్టారు. అందులో నమోదై స్లాట్ బుక్ చేసుకుంటేనే మద్దతు ధర. ఆ సీజన్‌కు పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110. తెలంగాణలో కొన్ని జిల్లాల్లో యూరియా బుకింగ్‌కూ యాప్ వచ్చింది. పీఎం కిసాన్ ఈకేవైసీకి ఓటీపీ కావాలి, లేకపోతే యాప్‌లో మొహం చూపించాలి, అదీ కాకపోతే వేలిముద్ర. పార పట్టి అరిగిన వేలు యంత్రానికి ఎన్నిసార్లకు ఆనుతుందో మనకు తెలుసు. ఇంతకుముందు ఫోను ఉంటే మంచిదే అనుకునేవాళ్లం. ఇప్పుడు అది లేకపోతే పంట అమ్ముడుపోదు. పని జరిపించుకోవడానికి కట్టే రుసుమును ఉపయోగం అనరు. రేపు మార్కెట్ యార్డు గేటు దగ్గర పన్నెండు వేల టికెట్ పెడితే మనం ఊరుకుంటామా?

మా మండలంలో ఒక కౌలురైతు నాలుగెకరాల పత్తి వేశాడు. భూమి పాసు పుస్తకం యజమాని పేరున, యజమాని హైదరాబాద్‌లో. ఓటీపీ ఆయన ఫోనుకు పోతుంది. ఇతని పాత ఫోనులో యాప్ ఎక్కలేదు, కొత్తది అప్పు చేసి కొన్నాడు. కొన్నాక కూడా ప్రతిసారీ యజమానికి ఫోన్ చేసి, ఆయన ఎత్తేదాకా ఆగి, అంకెలు రాసుకునేలోపు గడువు దాటిపోయేది. చివరికి పత్తి ఇంట్లో పెట్టుకునే జాగా లేక ఊళ్లోకి వచ్చిన బేరగాడికి మద్దతు ధరకు వెయ్యికి పైగా తక్కువకు కాంటా పెట్టాడు. ఫోను ధర న్యాయమా అన్యాయమా అని అతన్ని అడగాలంటే మాకు మొహం చెల్లలేదు.

మన తప్పు కూడా కొంత ఉంది, రాయక తప్పదు. "వడ్డీ లేని వాయిదా" అనే బోర్డు చూసి అవసరం లేని ఫోను తెస్తున్నాం. ప్రాసెసింగ్ ఫీజు, వాయిదా తప్పితే జరిమానా చదవకుండా వేలు పెడుతున్నాం. పిల్లలు అడిగారని పాతిక వేలది తెచ్చి, విత్తనాలు ఉద్దెర తెచ్చుకున్న ఇళ్లు మాకు తెలుసు. మాట్లాడుకోవడానికి మాత్రమే ఫోను వాడే పెద్దవాళ్లకూ డేటా ప్యాకులే వేయిస్తున్నాం. డేటా లేని, మాటలు, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన ప్యాకులు ఇవ్వాల్సిందేనని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. దుకాణంలో అడిగితేనే చెబుతారు. అడగండి.

సమావేశంలో తేలింది ఇదీ: యాప్‌లు వద్దని మేము అనడం లేదు. యాప్ ఉన్నవాడు యాప్‌లో చేసుకుంటాడు. లేనివాడికి ప్రతి మార్కెట్ యార్డులో మనిషి కూచున్న కౌంటరు ఉండాలి, పాసు పుస్తకం, ఆధార్ చూసి అక్కడే స్లాట్ రాయాలి. కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 బటన్ ఫోనుతో పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడుతుంది. స్లాట్ బుకింగ్ కూడా అలా మాటతో ఎందుకు కాకూడదో అధికారులు చెప్పాలి. సాగుచేసే కౌలురైతు నంబరుకే ఓటీపీ రావాలి. తక్కువ ధర ఫోన్ల మీద పన్నును ట్రాక్టరుతో సమానంగా 5 శాతానికి తేవాలి. ప్రభుత్వమే తప్పనిసరి చేసిన పనిముట్టు మీద ప్రభుత్వమే 18 శాతం తీసుకోవడం ఏ లెక్కన న్యాయం?

ఈ సీజన్‌లో స్లాట్ దొరక్క బయట అమ్ముకున్నవాళ్లు ఊరు, ఎకరాలు, అమ్మిన ధర, ఎన్నిసార్లు ప్రయత్నించారు, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి గ్రామ కమిటీకి ఇవ్వండి. కౌలురైతులు యజమాని పేరు రాయనక్కర్లేదు. వచ్చే నెల కలెక్టరేట్‌కు పోయేటప్పుడు ఆ కాగితాలు మా వెంట ఉండాలి.